డ్రాఫ్టింగ్ నేరం

“తల్లీ, ఒక్క సంతకం! ఒక్కటంటే ఒక్కటి ఎట్టీసి ఎలిపో!”

జీపు కిటికీలోంచి నడుం దాకా బయటికి వంగి సింహాచలం గారు ఒక కాగితం ఊపుతున్నారు. రెండో చేతిలో పెన్ను ఉంది. డ్రైవర్ అప్పన్న ఒక చేత్తో స్టీరింగు, ఇంకో చేత్తో ఆయన బెల్టు పట్టుకుని జీపుని నా పక్కనే నడిపిస్తున్నాడు.

నేను గంటకి నలభై రెండు కిలోమీటర్ల వేగంతో సైకిల్ తొక్కుతున్నాను. తూర్పు కనుమల టూర్ అనే అయిదు రోజుల మహిళల సైకిల్ పందెంలో అది ఆఖరి రోజు. పొద్దున్న సాలూరులో బయలుదేరి అప్పుడే గజపతినగరం దాటాం. విజయనగరం ఇంకా ఇరవై రెండు కిలోమీటర్లు. అప్పటిదాకా తొక్కిన కాలమంతా కలిపి చూస్తే నేను అందరికంటే పంతొమ్మిది సెకన్లు ముందున్నాను. గెలిచిన ఒక్కతే జాతీయ శిబిరానికి వెళ్తుంది. నాకు ముప్పై ఒక్క ఏళ్ళు. వచ్చే ఏడాది ఆ శిబిరం గేటు దగ్గర వాచ్‌మన్ కూడా నన్ను లోపలికి రానివ్వడు.

“పందెంలో ఉన్నానండీ!” అని అరిచాను.

“తెలుసమ్మా! అందుకే కదా జీపేసుకుని ఒచ్చినాం! మెమో! ఈయేళ సాయంత్రంలోగా నీ చేతికి అందాలన్నారు జి.ఎం. గారు!”

“తర్వాత తీసుకుంటాను!”

“తీసుకోనంటే తలుపుకి అంటించాల. రూలు. నీకిప్పుడు తలుపేదీ? ఈపుకి అంటించీమన్నారు!”

“జిగురు డబ్బా తెచ్చినాను బాబూ!” అన్నాడు అప్పన్న, లోపల్నుంచి.

పదహారేళ్ళుగా పందేలు తొక్కుతున్నాను. ఘాట్ రోడ్లు దిగుతూ రెండు పళ్ళు రాలగొట్టుకున్నాను, ఒక భుజం ఎముక విరగ్గొట్టుకున్నాను. కుక్కలంటే భయం లేదు, ఇసుక లారీలంటే భయం లేదు. ఆఫీసు మెమో అంటే మాత్రం కాళ్ళు వణుకుతాయి. వణికే కాళ్ళతోనే తొక్కుతూ, కుడి మోచెయ్యి జీపు కిటికీ మీద ఆనించి, పెన్ను అందుకున్నాను. ఆఫీసు పెన్ను కాబట్టి రాయలేదు. రెండో పెన్ను ఇచ్చారు.

“‘ముట్టినది’ అని రాసీ. కింద తేదీ. పక్కన టైము. ఆఁ. ఇంకా రెండు కాపీలున్నాయి.”

మూడు కాపీలు ముగిసేసరికి ముప్పావు కిలోమీటరు జీపు చాటునే వచ్చాను. వెనక మోటార్ సైకిల్ మీద రిఫరీ విజిల్ ఊదాడు. జీపు వెళ్ళిపోయింది. నా చేతిలో ఒక కాపీ మిగిలింది. తొక్కుతూనే చదివాను.

“విషయము: కుమారి రౌతు హైమావతి, జూనియర్ అసిస్టెంటు, టూరు అనవసరమగుట గురించి. సదరు ఉద్యోగిని టూరు విజయనగరమున మొదలై విజయనగరముననే ముగియుచున్నట్లు ఇప్పుడే గమనించబడినది. సర్క్యులర్ 43, మూడవ పేరా ప్రకారము ఆమె గత అయిదు రోజులుగా హెడ్‌క్వార్టర్సు నుండి కదలనట్లు భావించబడును. కదలని యెడల తన సీటులో ఎందుకు లేరో ఇరవై నాలుగు గంటలలో సంజాయిషీ ఇవ్వవలెను.”

నేను కదలడం లేదని కాగితం అంటోంది. హ్యాండిల్ మీద మీటరు నలభై మూడు అంటోంది. కాగితం మడిచి జెర్సీ వెనక జేబులో, సగం తిన్న అరటిపండు పక్కన పెట్టుకుని మళ్ళీ తలవంచి తొక్కాను.

*

నేను పనిచేసేది రాష్ట్ర గోనెసంచుల అభివృద్ధి సంస్థలో. గోనెసంచి ఇంకా ఏ విధంగా అభివృద్ధి చెందగలదో పదకొండేళ్ళ సర్వీసులో నాకు తెలియలేదు. నేనూ ఎవర్నీ అడగలేదు.

అప్పట్లో ప్రతి సంస్థా ఒక క్రీడాకారుణ్ణి ఉద్యోగంలోకి తీసుకోవాలని పైనుంచి ఆదేశం వచ్చింది. మావాళ్ళు వాలీబాల్ మనిషి కావాలని రాశారట. పొడుగ్గా ఉంటాడు, పై అరల్లో ఫైళ్ళు దించుతాడని. వచ్చింది నేను. అయిదడుగుల ఒక్క అంగుళం, జాతీయ రోడ్డు పందెంలో ఒక కంచు పతకం. ఇంటిపేరు రౌతు. రౌతు కొద్దీ గుర్రం అన్నారు పెద్దలు. నా కొద్దీ దొరికింది సైకిల్.

“సైకిలా?” అన్నారు అప్పటి జి.ఎం. “ఆఫీసుకి సైకిల్ మీద వచ్చేవాళ్ళు ఇప్పటికే ఆరుగురున్నారు. వాళ్ళెవరికీ పతకాలు రాలేదే?”

నన్ను సూపరింటెండెంట్ పైల సింహాచలం గారి పక్క సీట్లో వేశారు. ఆయన నన్ను సొంత కూతురిలా చూసుకున్నారు, అంటే రోజూ తిట్టేవారు. సాధన కోసం సాయంత్రం నాలుగున్నరకే వదలమని అడిగితే ఒక షరతు పెట్టారు.

“రోజుకొక డ్రాఫ్టు రాసీసి ఎల్లు. డ్రాఫ్టు నాకు, సైకిలు నీకు.”

మొదటి రెండేళ్ళు అలాగే గడిచాయి. మెమో అంటే మెమో, సర్క్యులర్ అంటే సర్క్యులర్. ఒక కన్ను కాగితం మీద, ఒక కన్ను గోడ గడియారం మీద. ఏం రాశానో మొదటి మలుపు తిరిగేలోపు మరిచిపోయేదాన్ని. మంచి గుమస్తా లక్షణం అదేనని ఆయన మెచ్చుకునేవారు. తర్వాత నాకు నాలుగు పతకాలొచ్చాయి, పేపర్లో సంస్థ పేరు పడింది. డ్రాఫ్టింగ్ నుంచి తప్పించి పొద్దుటి పూట కూడా సైకిల్ మీదికి వదిలేశారు. జెర్సీ మీద, సరిగ్గా వీపు మధ్యన, గోనెసంచి బొమ్మ వేయించారు. వెనక నుంచి చూసేవాళ్ళకి నేను ధాన్యం మోసుకుపోతున్నట్టు కనిపించేదాన్ని.

రోడ్డు మీద నా వృత్తికి ఉన్న గౌరవం కూడా చెప్పాలి. ఒకసారి ఎస్.కోట దాటాక నూట పదో కిలోమీటరులో, చెమటలు కక్కుతూ తొక్కుతుంటే, ఒకాయన మోపెడ్ ఆపి జాలిగా అడిగాడు.

“ఏటమ్మా, బస్సు తప్పిపోనాదా?”

ఇలా సుఖంగా సాగుతున్న జీవితంలోకి నాలుగు నెలల క్రితం కొత్త జి.ఎం. గంటి మార్కండేయులు గారు వచ్చారు. వచ్చిన వారంలోనే పాత సర్క్యులర్లన్నీ తెప్పించుకుని చదివారు. అంతకు ముందు వాటిని చదివినవాళ్ళు లేరు. రాసినవాళ్ళు కూడా చదివి ఉండరు. నలభై మూడో నంబరు దగ్గర ఆయన ఆగిపోయి, నన్ను పిలిపించారు.

“కుమారి హైమావతీ, మీరు నిన్న ఎంత దూరము తొక్కితిరి?”

“నూట ఇరవై కిలోమీటర్లండి.”

“సర్క్యులర్ 43, మొదటి పేరా. ముందస్తు టూరు అనుమతి లేనిదే ఏ ఉద్యోగియు హెడ్‌క్వార్టర్సు నుండి ఎనిమిది కిలోమీటర్లు దాటరాదు. రెండవ పేరా. టూరు మిక్కిలి దగ్గర దారిన మాత్రమే జరుపవలెను. ఇక మూడవ పేరా!” ఆయన కళ్ళు మూసుకుని పాడినట్టు చదివారు. “‘బయలుదేరు స్థానము, చేరు స్థానము ఒకటే అయినచో, అట్టి ప్రయాణమునకు మిక్కిలి దగ్గర దారి కదలకుండుటయే గనుక, సదరు ఉద్యోగి కదలనట్లుగానే భావించబడును.’ ఆహా! ఈ వాక్యములోంచి చీమ కూడా తప్పించుకోలేదు. ఎవరు రాసిరో గానీ మహానుభావులు!”

“సార్, నేను రోడ్డు సైక్లిస్టునండి. దూరం వెళ్ళకుండా ఎలా?”

“నేను సైకిలుకు వ్యతిరేకిని కాను. దూరమునకు మాత్రమే వ్యతిరేకిని.”

మర్నాటి నుంచి ఎనిమిది కిలోమీటర్ల రాయి దగ్గర ఒక ప్యూన్‌ని కుర్చీ వేసి కూర్చోబెట్టారు. నేను రాయి దాకా వెళ్ళడం, అతనికి నమస్కారం పెట్టడం, వెనక్కి తిరగడం. రోజుకి ఏడెనిమిది నమస్కారాలు. అది కూడా మూడో పేరా కిందికి వస్తుందని ఒక నెల తర్వాత జి.ఎం. గారికి తట్టింది. ఆఫీసులో బయలుదేరి ఆఫీసుకే వస్తున్నాను కదా. అంటే కదలడం లేదు. కదలనప్పుడు రోడ్డెందుకు?

అలా నా సాధన రికార్డు రూముకి మారింది. వెనక చక్రాన్ని ఇనప స్టాండులో బిగించి, ఉన్నచోటనే తొక్కడం. ముందు చక్రం కిందికి పోతుంటే సింహాచలం గారే ఎక్కడినుంచో ఒక లావుపాటి ఫైళ్ళ కట్ట తెచ్చి దాని కింద పెట్టారు.

“కదపకు. సరిగ్గా అమిరినాది,” అన్నారు.

రెండు నెలలు బూజు పట్టిన అరల్ని చూస్తూ తొక్కాను. సిగ్గులేకుండా ఒప్పుకుంటున్నాను, ఆ రెండు నెలల్లోనే నా కాళ్ళు జీవితంలో ఎన్నడూ లేనంత బలపడ్డాయి. కోపంతో తొక్కితే అంత లాభం ఉంటుందని ఏ కోచూ నాకు చెప్పలేదు.

*

పందెం నిర్వాహకుల నుంచి ఉత్తరం వచ్చినప్పుడు నా దశ తిరిగిందనుకున్నాను. “మీ ఉద్యోగిని తూర్పు కనుమల టూర్‌కు ఎంపికైనారు” అని ఉంది. టూర్ అన్న మాట చూడగానే జి.ఎం. గారి మొహం వికసించింది. పందెం అంటే ఏమిటో ఆయనకి తెలియదు గానీ టూరంటే తెలుసు. వెంటనే టూరు ప్రోగ్రాం ఫారం ఇచ్చారు.

ప్రయాణ సాధనం దగ్గర “సొంత సైకిలు” అని రాశాను. టూరు ఉద్దేశం దగ్గర ఆగిపోయాను.

“గోదాముల తనిఖీ అని రాసీ,” అన్నారు సింహాచలం గారు మెల్లిగా. “లేకపోతే సంతకం పడదు.”

రాశాను. రాసిన పాపానికి చెయ్యాల్సి వచ్చింది. మొదటి రోజు ఎస్.కోటలో ముగింపు గీత దాటిన పది నిమిషాలకి గోనెసంచుల గోదాములో ఉన్నాను. రెండో రోజు అరకు ఘాట్ ఎక్కి అందరికంటే ముందు చేరాను. పతకం మెడలో పడే వేళకి నేను అక్కడ లేను. గోదాము గుమస్తా తాళం వేసి భోజనానికి వెళ్ళిపోతాడని పరిగెత్తాను. “సైకిల్ బూట్లతో వచ్చి సంచులు తొక్కీకమ్మా,” అని ఆయన గుమ్మంలోనే ఆపేశాడు. పార్వతీపురంలో ఎలకలు కొరికిన సంచులు అరవై నాలుగని రిపోర్టు రాసి, ఆ పెన్నుతోనే ఇద్దరు ఆడపిల్లలకి ఆటోగ్రాఫులిచ్చాను.

నాలుగు రోజులు జి.ఎం. గారు నా రిపోర్టులు చూసి మురిసిపోయారు. అయిదో రోజు పొద్దున్న పేపర్లో పందెం మ్యాపు పడింది. దానిమీద వేలు పెట్టి విజయనగరం నుంచి మొదలుపెట్టారు. వేలు ఎస్.కోట, అరకు, పార్వతీపురం, సాలూరు అన్నీ చుట్టి మళ్ళీ విజయనగరం దగ్గర ఆగింది.

పది నిమిషాల్లో మెమో టైపయింది. ఇరవై నిమిషాల్లో జీపు కదిలింది.

*

గీత దగ్గరికి అందరం గుంపుగానే వచ్చాం. నా పంతొమ్మిది సెకన్లు అలాగే ఉన్నాయి. చేతులు పైకెత్తాను. నా కోచ్ లూథర్ మాస్టారు ఎదురొచ్చారు గానీ నవ్వడం లేదు.

“చేతులు దించరా హైమా. ఇరవై సెకన్లు కోసేశారు.”

“దేనికి మాస్టారూ?”

“డ్రాఫ్టింగ్.”

మా పందేల్లో ముందు పోయేవాళ్ళ గాలి చాటున తొక్కడాన్ని డ్రాఫ్టింగ్ అంటారు. మనిషి చాటున తొక్కితే తెలివి. జీపు చాటున తొక్కితే నేరం. పంతొమ్మిదిలోంచి ఇరవై పోతే ఒక్క సెకను అప్పు పడ్డాను. ఒక్క సెకనుతో కేరళ అమ్మాయి గెలిచింది. జాతీయ శిబిరం ఆమెది. ఒక్క సెకనంటే ‘ముట్టినది’ అనే మాటలో సగం కూడా రాయలేం.

జ్యూరీ ఆ శిక్షని మా సంస్థకి కూడా లిఖితపూర్వకంగా తెలియజేసింది. మర్నాడు జి.ఎం. గారు నన్ను పిలిచారు. మెమో గురించి అనుకుని సంజాయిషీ జేబులో పెట్టుకుని వెళ్ళాను. ఆయన లేచి నిలబడి కరచాలనం చేశారు.

“పందెము మధ్యలో కూడా డ్రాఫ్టింగ్ చేసితిరట! జ్యూరీ వారే ధ్రువీకరించినారు. సంస్థ పట్ల ఇట్టి నిబద్ధత నా సర్వీసులో చూడలేదు. ఏమి డ్రాఫ్టు చేసితిరి? మెమోనా? ఎండార్సుమెంటా?”

“సార్, అది...”

“దానికి శిక్ష వేయుట మాత్రము అన్యాయము. డ్రాఫ్టింగ్ నేరమైనచో ఈ భవనములో నేరస్థులు కాని వారెవరు?”

నాకు వివరించే ఓపిక లేకపోయింది. నా సర్వీసు పుస్తకంలో “సైకిలుపై ఉండియు డ్రాఫ్టింగ్ చేసినందుకు మెచ్చుకోలు” అని ఎక్కింది. అది ఇప్పటికీ ఉంది.

అసలు ఆశ లూథర్ మాస్టారు చెప్పారు. జ్యూరీకి అప్పీలు పెట్టుకోవచ్చు. జీపు రావడంలో నా ప్రమేయం ఏమాత్రం లేదని, తప్పు ఎవరిదో పేరుతో సహా, సంస్థ తన కాగితం మీద రాసి శుక్రవారం సాయంత్రం అయిదులోగా పంపాలి. పంపితే ఇరవై సెకన్లు వెనక్కి ఇస్తారు. శిబిరం నాది.

“ఒక్క పేరు రా,” అన్నారు మాస్టారు. “అంత పెద్ద ఆఫీసులో ఒక్క తప్పు చేసినోడు దొరకడా?”

*

“తప్పు జరిగినదని సంస్థ ఒప్పుకొనుటకు అభ్యంతరము లేదు,” అన్నారు జి.ఎం. గారు. “అయితే ఎవరి వలన జరిగినదో ముందు తేలవలెను. పేరు లేని తప్పును సంస్థ ఎన్నడును చేయలేదు.”

“మెమో ఇచ్చింది మీరు కదా సార్,” అన్నాను. ఎంత ధైర్యమో! వెంటనే రెండడుగులు వెనక్కి వేశాను.

“నేను సర్క్యులరును అమలుపరచితిని. జీపు సింహాచలమును తీసుకొనిపోయెను. సింహాచలము నా మెమోను తీసుకొనిపోయెను. వీరందరు నిర్దోషులు. దోషము మూడవ పేరాలో ఉన్నది. దానిని రాసిన వ్యక్తియే దోషి.”

మొన్నటిదాకా మహానుభావులైన వ్యక్తి ఒక్క పూటలో దోషి అయ్యారు. నాకు ప్రాణం లేచి వచ్చింది. అక్కడే నిలబడి ఫిర్యాదు రాసిచ్చాను. పాత అలవాటు, చెయ్యి బాగా తిరిగింది. “ఇట్టి వాక్యమును రాసినవారికి జన్మలో ఒక్కసారియు ఒంటికి గాలి సోకి ఉండదు. వారికి రోడ్డనిన ద్వేషము, సైకిలనిన అసూయ ఉన్నవని స్పష్టము. వారు ఎంతటి వారైనను ఉపేక్షించరాదు.” జి.ఎం. గారు దాన్ని టైపు చేయించి, రెండుసార్లు చదువుకుని మెచ్చుకున్నారు, మళ్ళీ డ్రాఫ్టింగ్ సీటుకి రాకూడదా అని అడిగారు.

చిక్కల్లా ఒక్కటే. టైపు చేసిన సర్క్యులర్ మీద అప్పటి జి.ఎం. సంతకం తప్ప ఏమీ లేదు. ఆయన స్వర్గస్థులయ్యారు. ఎవరు రాశారో తెలియాలంటే చేతిరాత మూలప్రతి కావాలి. మా సంస్థలో ప్రతి మూలప్రతి అడుగునా మూడు గళ్ళ రబ్బరు ముద్ర ఉంటుంది. డ్రాఫ్టింగ్ ఎవరు, టైపింగ్ ఎవరు, ఆమోదం ఎవరు. ఆ ఫైలు వెతికే బాధ్యత సింహాచలం గారికి అప్పగించారు.

సోమవారం ఆయన “చెదలు తినీసుంటాది” అన్నారు. మంగళవారం “వరదలప్పుడు పోనాదేమో” అన్నారు. మా రికార్డు రూము మొదటి అంతస్తులో ఉంది. బుధవారం నేను ఆయన మీద విసుక్కున్నాను.

“మీరు సరిగ్గా వెతకడం లేదండీ. నా జీవితమండీ ఇది!”

ఆయన కళ్ళజోడు తుడుచుకుంటూ కూర్చున్నారు. “నీ జీవితమనే కదా ఎతుకుతున్నాను తల్లీ,” అన్నారు.

గురువారం జి.ఎం. గారు తీర్పు చెప్పారు. శుక్రవారం నాలుగున్నరలోగా మూలప్రతి దొరక్కపోతే, ఆ రోజుల్లో ఆ సెక్షన్ సూపరింటెండెంటు ఎవరో వారినే దోషిగా భావిస్తారు. అంటే సింహాచలం గారు. ఆయన రిటైర్మెంటు ఇంక తొమ్మిది రోజులుంది. హాల్లో సన్మానానికి శాలువా కూడా కొని బీరువాలో పెట్టారు. దోషి అని తేలితే శాలువా బదులు ఛార్జిషీటు.

“మీరు రాశారా ఆ వాక్యం?” అని అడిగాను.

“నాకంత తెలుగొచ్చా?” అన్నారు నవ్వుతూ.

అప్పుడే నిర్ణయించుకున్నాను. అసలు దోషిని నేనే పట్టుకుంటాను. ఆయన్ని కాపాడతాను, నా సెకన్లు నేను తెచ్చుకుంటాను.

*

శుక్రవారం పొద్దున్నుంచి రికార్డు రూములో నూట ఎనభై కట్టలు విప్పాను. మధ్యాహ్నం నాలుగైంది. దుమ్ముతో నా మొహం గోనెసంచిలాగే ఉంది. దొరకలేదు. ఏడుపొచ్చింది. నాకు ఏడుపొస్తే చేసే పని ఒక్కటే. సైకిలెక్కాను. స్టాండులో బిగించిన సైకిల్‌ని ఎంత కసిగా తొక్కానంటే ముందు చక్రం ఎగిరి పక్కకి పడింది. దాని కింది ఫైళ్ళ కట్ట జారి బోర్లా పడింది.

అట్ట మీద పెద్ద అక్షరాలు: సర్క్యులర్ 43, మూలప్రతి.

రెండు నెలలు నా చక్రం దాన్నే తొక్కింది. నేను రాష్ట్రమంతా వెతుకుతుంటే దోషి నా ముందు చక్రం కింద ఉన్నాడు! ఎర్ర తాడు ముడి గట్టిగా ఉంది. విప్పలేదు. సాక్ష్యం అందరి ముందే తెరవాలని ఆ మాత్రం నాకూ తెలుసు. ఆ కట్ట నెత్తిమీద పెట్టుకుని, సైకిల్ బూట్లు టకటకలాడించుకుంటూ, ఒక్కో ఊపులో రెండేసి మెట్లెక్కాను.

జి.ఎం. గారి గదిలో సింహాచలం గారు అప్పటికే నిలబడి ఉన్నారు. బల్ల మీద జ్యూరీకి పంపే ఉత్తరం టైపయి ఉంది. “ఇందు మా క్రీడాకారిణి ప్రమేయము ఏమాత్రము లేదనియు, సదరు పొరపాటునకు శ్రీ/శ్రీమతి చుక్కలు చుక్కలు గారు బాధ్యులనియు” అని. చుక్కల్లో పేరు రాయడానికి సింహాచలం గారు పెన్ను మూత తీసి పట్టుకున్నారు. ఆయన పేరే. ఆయన పెన్నే.

“ఆగండి! దొరికింది!”

సింహాచలం గారు నా నెత్తి మీద కట్ట చూశారు. ఆయన మొహంలో రంగు పోయింది. అంత భయం అరకు ఘాట్ దిగేటప్పుడు కూడా నేను ఎవరి మొహంలోనూ చూడలేదు.

“అది... అదొగ్గీ హైమా. అందులో ఇంకు ఎలిసిపోనాది. ఏటీ కనబడదు.”

“మీకు తెలుసా ఇది అక్కడుందని?”

ఆయన ఫ్యాను వైపు చూశారు.

“తెరచి చదువుడు,” అన్నారు జి.ఎం. గారు.

“మీరు చదవరా సార్?”

“చేతిరాత చదువుట నా హోదాకు తగదు. టైపు అయినచో చదువుదును.”

గడియారం నాలుగూ నలభై. ముడి పళ్ళతో లాగి విప్పాను. లోపల పసుపు పచ్చటి కాగితం. ఇంకు వెలవలేదు. నల్లగా, నిక్షేపంలా ఉంది. గొంతు సవరించుకుని, న్యాయస్థానంలో వకీలులా, వెటకారం ఒలకబోస్తూ మొదలుపెట్టాను. మొదటి పేరా చదివాను. ఎనిమిది కిలోమీటర్ల దగ్గర ఒక చురక వేశాను. రెండో పేరా చదివాను. మూడో పేరా ఎత్తుకున్నాను.

“‘బయలుదేరు స్థానము, చేరు స్థానము ఒకటే అయినచో...’”

ఇక్కడ నా నోరు నెమ్మదించింది. ‘చేరు’లో రకారం కొమ్ము బాగా సాగి పక్క అక్షరం కిందికి పోయింది. కాగితం కంటే గడియారం వైపు ఎక్కువ చూసేవాళ్ళ కొమ్ములు అలా సాగుతాయి. వాక్యం చివరికొచ్చేసరికి అక్షరాలు వాలిపోయి, పరుగు తీస్తున్నాయి. ‘భావించబడును’ తర్వాత చుక్క కూడా పెట్టలేదు. పక్కన టైము వేసి ఉంది. నాలుగూ ఇరవై ఏడు.

నాలుగున్నరకి మూడు నిమిషాలు. ఆ సాయంత్రం నాకు హఠాత్తుగా గుర్తొచ్చింది. జీపేసుకుని సరదాగా ఊళ్ళన్నీ చుట్టి “తనిఖీ” అని రాసుకునే ఒక ఇన్‌స్పెక్టర్ గురించి ఏదైనా గట్టిగా రాయమన్నారు సింహాచలం గారు. చదివి, “దీంట్లోంచి చీమ కూడా పోదే!” అని మెచ్చుకున్నారు. అప్పటికే నేను హెల్మెట్ పెట్టుకున్నాను. భోగాపురం దాకా వెళ్ళి రావాలి, ఎండ పోకముందే.

బయలుదేరిన చోటికే తిరిగి రావాలి.

“చదువుడమ్మా. ఎందుకాగితిరి?” అన్నారు జి.ఎం. గారు. “అడుగున ముద్ర ఉండవలెను. మొదటి గడిలో ఏమున్నది?”

“ఎలిసిపోనాది బాబూ,” అన్నారు సింహాచలం గారు గబగబా. “ఆ పిల్లకేటి కనబడతాది, పొద్దుట్నించి దుమ్ములో ఉంది. ఆ సీటు నాది, తప్పు నాది. నా పేరు ఏసీస్తాను, ఉత్తరం అంపీండి. అయిదవుతున్నాది.” పెన్ను చుక్కల మీద ఆనింది. అప్పుడు నా వైపు చూసి, పెదవులు కదలకుండా, పదకొండేళ్ళ క్రితం అన్నట్టే అన్నారు. “ఎల్లీ తల్లీ. డ్రాఫ్టు నాకు, సైకిలు నీకు.”

ఎంత తేలిక! ఒక్క అబద్ధం కూడా చెప్పక్కర్లేదు. నోరు మూసుకుని నిలబడితే చాలు. ఇరవై సెకన్లు వచ్చేస్తాయి. నాకు మనిషి చాటున తొక్కి గెలవడం తెలుసు గానీ, ఆ మనిషిని పడేసి గెలవడం పదహారేళ్ళలో ఎప్పుడూ చేతకాలేదు. అదే చేతనైతే ఇప్పటికి రెండుసార్లు శిబిరానికి వెళ్ళి వచ్చేదాన్ని.

ఆయన చేతిలోంచి పెన్ను లాక్కున్నాను. కాగితం వెలుగులోకి తిప్పి, ఈసారి వెటకారం లేకుండా, ఎదర గదిలో టైపు మిషన్లు కూడా ఆగిపోయేంత గట్టిగా చదివాను.

“డ్రాఫ్టింగ్: రౌతు హైమావతి.”